‘పరిశోధనలో తేలింది’ సరే... ఎక్కడ తేలింది?

మనిషి ఏకాగ్రత గోల్డ్‌ఫిష్ కంటే తక్కువట. 2000 సంవత్సరంలో 12 సెకన్లు ఉండేదట, ఫోన్లు వచ్చాక 2013 నాటికి 8 సెకన్లకు పడిపోయిందట. గోల్డ్‌ఫిష్‌కేమో 9 సెకన్లు. ఈ మాట మీరు ఒక్కసారైనా వినే ఉంటారు. రీల్స్‌లోనో, మోటివేషన్ స్పీచుల్లోనో, కాలేజీ ఫెస్టులో చీఫ్ గెస్టు ప్రసంగంలోనో. మా ఆఫీసులో ప్రజెంటేషన్ స్కిల్స్ మీద ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినాయన రెండో స్లైడులోనే ఆ చేప బొమ్మ పెట్టాడు. కింద చిన్న అక్షరాల్లో ‘సోర్స్: రీసెర్చ్’ అని రాసి ఉంది.

సోర్స్: రీసెర్చ్. చిరునామా: ఇండియా అన్నట్టు.

మా కోడ్ రాసేవాళ్ల దగ్గర ‘గిట్ బ్లేమ్’ అని ఒక కమాండ్ ఉంటుంది. ప్రోగ్రాంలో ఏ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అది చెప్పేస్తుంది. ఏదన్నా తేడా కొడితే ముందు దాన్నే నడుపుతాం. ఈ గోల్డ్‌ఫిష్ లైను మీద 2017లో బీబీసీ వాళ్లు అదే పని చేశారు. పేపర్లూ మ్యాగజైన్లూ చూపించింది మైక్రోసాఫ్ట్ కెనడా 2015లో విడుదల చేసిన ఒక రిపోర్టుని. ఆ రిపోర్టు కోసం వాళ్లు 2,000 మందిని సర్వే చేశారు, 112 మంది మెదడు తరంగాలు కూడా కొలిచారు. కానీ ఈ 8 సెకన్ల లెక్క ఆ సర్వేలోది కాదు. ‘స్టాటిస్టిక్ బ్రెయిన్’ అనే వెబ్‌సైటు నుంచి తెచ్చి పెట్టుకున్నారు. మరి ఆ వెబ్‌సైటు ఎక్కడి నుంచి తెచ్చింది? అక్కడ అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌లోని ఒక విభాగం పేరు, అసోసియేటెడ్ ప్రెస్ పేరు రాసి ఉన్నాయి. విలేకరి వెళ్లి వాళ్లనే అడిగితే, అలాంటి పరిశోధన మా రికార్డుల్లో దొరకలేదన్నారు. వెబ్‌సైటు వాళ్ల నుంచి జవాబే లేదు.

తీగ లాగితే డొంక కదలాలి కదా. ఇక్కడ డొంకే లేదు.

ఇంకో తమాషా ఏంటంటే, గోల్డ్‌ఫిష్‌కి మతిమరుపు అన్నదీ ఉత్తమాటే. చేపల జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లు ఏరికోరి గోల్డ్‌ఫిష్‌నే తెచ్చుకుంటారు, దానికి గుర్తుంటుంది కాబట్టి.

సరే, చేప సంగతి వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ‘పరిశోధనలో తేలింది’ అన్న అదే తోక తగిలించుకుని మా బాబాయ్ ఫోనులోకి ఇంకో మెసేజ్ వచ్చింది. నేరేడు గింజల పొడి రోజూ రెండు స్పూన్లు తీసుకుంటే షుగర్ మాత్రలు మానేయొచ్చట. ఆయన పూర్తిగా మానలేదు గానీ, రాత్రి మాత్ర ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. ఈ విషయం పిన్నికి కూడా తెలీదు. బాబాయ్ వాళ్లమ్మాయి, అంటే మా చెల్లి, వరంగల్‌లో ఎం.ఫార్మసీ చదువుతోంది. మాత్రల షీటు అయిపోవాల్సిన టైముకి అయిపోవడం లేదని కనిపెట్టింది తనే. షుగర్ మీద పనిచేస్తాయనే మొక్కల్లో ఒకటి తీసుకుని లిటరేచర్ రివ్యూ రాయమని గైడ్ చెప్పినప్పుడు తను నేరేడు ఎంచుకుంది. కారణం ఇంట్లోనే ఉంది మరి.

అలా ఒక ఆదివారం నాకు ఫోన్ చేసింది. “అన్నయ్యా, 30 రిఫరెన్సులు కావాలి. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే 12 ఇచ్చింది. వెతికి చూస్తే అందులో 7 అసలు ఈ భూమ్మీదే లేవు!”

ఇందులో ఆశ్చర్యం లేదు. చాట్‌బాట్ లోపల లైబ్రరీ ఏమీ ఉండదు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో లెక్కగట్టి వాక్యం అల్లడం దాని పని. రిఫరెన్సు కూడా దానికి ఒక వాక్యమే. రచయిత పేరు నిజమైనదే అయివుంటుంది, జర్నల్ పేరూ నిజమే, సంవత్సరం కూడా నమ్మేలా ఉంటుంది. ఆ మూడూ కలిసిన పేపర్ మాత్రం ఉండదు. సెర్చ్‌తో జతకట్టిన కొత్త మోడళ్లు కాస్త మెరుగు, అయినా కళ్లు మూసుకుని నమ్మేంత కాదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పుల్ని కోర్టులో చూపించారు. వాటిలో ఆరు కేసులు ఎప్పుడూ జరగనే లేదు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

పాపం ఏఐని ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. మనుషులు ఈ విద్య ఎప్పుడో నేర్చుకున్నారు. ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ రచయితలకిచ్చే సూచనల్లో, రిఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి ఒక నమూనా పెట్టింది. ‘ద ఆర్ట్ ఆఫ్ రైటింగ్ ఎ సైంటిఫిక్ ఆర్టికల్’, 2000 సంవత్సరం. ఆ వ్యాసం అసలు లేదు, ఉత్తి ఉదాహరణ. దాన్ని దాదాపు 400 పేపర్లు నిజంగానే తమ రిఫరెన్సుల్లో చేర్చుకున్నాయి. 2017లో ఈ సంగతి బయటికొచ్చింది. ఎక్కువశాతం టెంప్లేటులో ఉన్న లైను చెరిపేయడం మర్చిపోవడం వల్ల జరిగినవేనట. హోటల్ మెనూలో ‘ఐటమ్ పేరు ఇక్కడ రాయండి’ అని ఉంటే, వెయిటర్‌ని పిలిచి ప్లేటు తెమ్మన్నట్టు.

కాబట్టి మొదటి పరీక్ష, ఆ పేపర్ అసలు ఉందా లేదా అన్నది. దీనికి అర నిమిషం చాలు. ఇప్పటి పేపర్లలో చాలావాటికి ఆధార్ లాంటి నంబరు ఒకటి ఉంటుంది, దాని పేరు డీఓఐ. ఎప్పుడూ 10తో మొదలవుతుంది, చుక్క, కొన్ని అంకెలు, ఒక స్లాష్, ఆ వెనక ఏదో గజిబిజి. డీఓఐ డాట్ ఆర్గ్‌లో దాన్ని పేస్ట్ చేస్తే నేరుగా ఆ పేపర్ పేజీకి తీసుకెళ్లాలి. వెళ్లాక టైటిల్ సరిపోయిందో లేదో కూడా చూసుకోండి. నంబరు నిజమైనదే అయ్యి, తెరిస్తే ఎక్కడో చేపల చెరువుల మీద పేపర్ వచ్చిందంటే మీ రిఫరెన్సు దొంగదని అర్థం. పాత పేపర్లకీ, చిన్న జర్నళ్లకీ డీఓఐ లేకపోవచ్చు. అప్పుడు టైటిల్ మొత్తాన్ని కొటేషన్ మార్కుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకాలి.

గూగుల్ స్కాలర్ అంటే మామూలు గూగుల్ కాదు. 2004 నవంబరులో మొదలైంది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు అనురాగ్ ఆచార్య, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివినాయన. ఇది జర్నల్ పేపర్లు, థీసిస్‌లు, విద్యావిషయక పుస్తకాలు, కాన్ఫరెన్సు పేపర్ల మధ్యే వెతుకుతుంది. మా చెల్లి మొదట ‘జామున్ సీడ్ షుగర్ క్యూర్’ అని కొట్టింది. వచ్చినవి కొన్నే, వాటిలోనూ సగం ఎందుకూ పనికిరానివి. మొక్కల విషయంలో పేరే తాళంచెవి. నేరేడుని శాస్త్రవేత్తలు ఇప్పుడు ‘సైజీజియం క్యుమిని’ అంటారు. కానీ పాత రోజుల్లో దాని పేరు ‘యూజీనియా జాంబోలానా’. మన దేశంలో జరిగిన పాత పని చాలావరకు ఈ రెండో పేరు మీద ఉంది. కొత్త పేరుతో మాత్రమే వెతికితే ఆ పని అంతా కనపడకుండా పోతుంది. రెండు పేర్లూ కొటేషన్లలో పెట్టి మధ్యలో ‘ఆర్’ అని క్యాపిటల్ అక్షరాల్లో రాయగానే తన స్క్రీను నిండిపోయింది.

ఇది మొక్కలకే కాదు. మీ సబ్జెక్టు ఏదైనా, మనం వాడే మాట వేరు, ఆ రంగంలోవాళ్లు వాడే మాట వేరు. ‘ఫోన్ అడిక్షన్’ అని వెతికేవాళ్లకి ‘ప్రాబ్లమాటిక్ స్మార్ట్‌ఫోన్ యూజ్’ అనే మాట తెలిస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. దొరికిన మొదటి మంచి పేపర్ తెరిచి, సారాంశం కింద ఉండే కీవర్డులు చూడండి. ఆ తర్వాత వెతుకులాట ఆ మాటలతో చేయండి.

ఒక్క మంచి పేపర్ దొరికిందంటే సగం పని అయిపోయినట్టే. దాని చివర ఉన్న రిఫరెన్సులు పట్టుకుంటే వెనక్కి వెళ్లొచ్చు. స్కాలర్‌లో దాని కింద ఉండే ‘సైటెడ్ బై’ నొక్కితే ముందుకి వెళ్లొచ్చు, అంటే ఆ తర్వాత దాన్ని ప్రస్తావించిన పేపర్లన్నీ వస్తాయి. నా లెక్కలో స్కాలర్‌లో అన్నిటికంటే విలువైన బటన్ అదే. చాలామంది దాన్ని సైటేషన్ల సంఖ్య చూడ్డానికే వాడతారు, నొక్కరు.

అయితే స్కాలర్‌లో కనబడిందల్లా మంచి పేపర్ అనుకోవద్దు. అక్కడ ఒక్కో పేపర్ చదివి లోపలికి పంపే మనిషి ఎవరూ లేరు, అంతా ప్రోగ్రామే చేస్తుంది. పేపర్ రూపంలో ఉన్నదాన్ని పేపర్ అనే అనుకుంటుంది. ఇక్కడి నుంచి మన కళ్లే పనిచేయాలి.

జర్నల్ పేపర్‌కి ముందు ‘పీర్ రివ్యూ’ జరగాలి. ఎడిటర్ ఆ రచనని అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్లు తప్పులు పట్టుకుని, ప్రశ్నలు వేసి వెనక్కి పంపిస్తారు. సాధారణంగా జీతం ఉండదు ఈ పనికి. మా భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ. మంచి రివ్యూయర్ ప్రతి లైను మీదా కామెంట్ పెట్టి ప్రాణం తీస్తాడు. చెడ్డ రివ్యూయర్ ఫైలు తెరవకుండానే ‘బాగుంది, మెర్జ్ చేసేయ్’ అంటాడు. ఏది జరిగిందో బయటవాళ్లకి ఎలా తెలుస్తుంది? మొదటి పేజీలో చిన్న అక్షరాల్లో రెండు తేదీలు ఉంటాయి, అందింది ఎప్పుడు, అంగీకరించింది ఎప్పుడు అని. మధ్యలో నాలుగైదు నెలలుంటే ఎవరో చదివారన్నమాట. రెండు రోజులే ఉంటే ఎవరూ చదవలేదన్నమాట. అసలు తేదీలే లేకపోతే ఇంకాస్త అనుమానంగా చూడండి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇక్కడో చిన్న మినహాయింపు. మా రంగంలో గట్టి పని చాలావరకు జర్నళ్లలో కాదు, కాన్ఫరెన్సుల్లో వస్తుంది, అక్కడా రివ్యూ ఉంటుంది. ఇంకా ముందే ‘ఆర్కైవ్’ అనే సర్వర్‌లో పెట్టేస్తారు. పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1991లో మొదలుపెట్టాడు దాన్ని. ఇవాళ్టి చాట్‌బాట్లన్నిటికీ మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ కూడా 2017లో ముందు అక్కడికే వచ్చింది. కానీ ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించారని కాదు. అది ప్రీప్రింట్. వాడుకోవచ్చు, ప్రీప్రింట్ అని చెప్పి వాడుకోవాలి. మందులూ వైద్యం విషయాల్లో అయితే నేనింకా జాగ్రత్తగా ఉంటాను.

ఇక దొంగ జర్నళ్ల సంగతి. రీసెర్చ్ చేసే పిల్లలకి నిజంగా దెబ్బ తగిలేది ఇక్కడే, అదీ డబ్బుతో సహా. మా చెల్లి ఇంకా రివ్యూ రాయడం మొదలైనా పెట్టకముందే ఒక మెయిల్ వచ్చింది. ‘గౌరవనీయులైన డాక్టర్ గారికి’ అని సంబోధన. తను డాక్టర్ కాదు, గౌరవనీయురాలు కావడానికి ఇంకా టైముంది. మీ పేపర్ పంపండి, 72 గంటల్లో ప్రచురిస్తాం, ఫీజు యూపీఐలో కట్టొచ్చు, ఈ-సర్టిఫికెట్ ఉచితం. ‘ఇంటర్నేషనల్’, ‘గ్లోబల్’, ‘అడ్వాన్స్‌డ్’ అన్న మాటలు మూడూ ఆ జర్నల్ పేరులోనే ఉన్నాయి. తన క్లాసులో ఇద్దరు అప్పటికే కట్టేశారట.

వీటి స్థాయి ఏంటో జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు 2013లో తేల్చి చూపించాడు. క్యాన్సర్‌కి మందు కనిపెట్టినట్టు ఒక దొంగ పేపర్ రాశాడు, ఇంటర్ చదివినవాళ్లకి కూడా దొరికిపోయేంత తప్పులతో. లేని యూనివర్సిటీల పేర్లు, లేని మనుషుల పేర్లు పెట్టి 304 జర్నళ్లకి పంపాడు. 157 జర్నళ్లు ఒప్పేసుకున్నాయి. మన దేశం నుంచి నడిచే జర్నళ్లలో 64 ఒప్పుకున్నాయి, 15 తిప్పికొట్టాయి. సిగ్గుపడాల్సిన లెక్కే. ఇంకో కథ ఇంకా ఘోరం. ఇలాంటి మెయిళ్లతో విసిగిపోయిన ఇద్దరు కంప్యూటర్ సైంటిస్టులు, మీ మెయిలింగ్ లిస్టు నుంచి నా పేరు తీసెయ్యండి అన్న ముక్కనే ఒక బూతుమాట కలిపి పది పేజీల నిండా మళ్లీ మళ్లీ రాసి, దాన్నో పేపర్‌లా తయారుచేశారు. దానికి గ్రాఫు కూడా ఉంది. 2014లో ఒక ‘ఇంటర్నేషనల్’ జర్నల్ దాన్ని ‘ఎక్సలెంట్’ అని మెచ్చుకుని, 150 డాలర్లు కట్టమంది.

ఈ వ్యాపారానికి మన హైదరాబాద్‌తో కూడా లింకుంది. ఇక్కడి నుంచి నడిచే ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. రివ్యూ గురించీ, ఫీజుల గురించీ పరిశోధకులను తప్పుదోవ పట్టించారన్నది ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది.

ఫీజు అడిగితే చాలు దొంగ జర్నల్ అనుకోవడం కూడా పొరపాటే. ‘ప్లాస్ వన్’ ఫీజు తీసుకుంటుంది, బొహానన్ దొంగ పేపర్‌ని తిప్పికొట్టింది కూడా. పైసా తీసుకోకుండా చెత్త వేసేవీ ఉన్నాయి. అలాగే ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉందని మురిసిపోకండి. అది బండికి రిజిస్ట్రేషన్ నంబరు లాంటిది, డ్రైవర్‌కి బండి నడపడం వచ్చో రాదో చెప్పదు. ‘స్కోపస్ ఇండెక్స్‌డ్’ అని జర్నల్ వాళ్ల సైటులో రాసుకుంటే సరిపోదు, స్కోపస్ వాళ్ల సొంత జాబితా ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, అక్కడ ఉందో లేదో చూడాలి. ‘యూజీసీ కేర్’ అని ఇప్పటికీ బోర్డు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ జాబితాని యూజీసీ 2025లో ఆపేసింది. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే డీఓఏజే అనే డైరెక్టరీలో పేరుందేమో చూడండి. వీటన్నిటికంటే సులువైన పరీక్ష ఇంకోటుంది, ఎడిటోరియల్ బోర్డులోని ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీలు తెరవడం. అక్కడ ఈ జర్నల్ ప్రస్తావన లేకపోతే, కొన్నిసార్లు ఆ ప్రొఫెసరే లేకపోతే, విషయం తెలిసిపోయినట్టే.

భాష కూడా పట్టించేస్తుంది. వేరేవాళ్ల పేపర్ కాపీ కొట్టి, దొరక్కుండా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు కొందరు. అది ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ని ‘కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్’ చేస్తుంది. ‘బ్రెస్ట్ క్యాన్సర్’ని ‘బూజమ్ పెరిల్’ చేస్తుంది. నిజంగా అచ్చయిన పేపర్లలోవే ఇవి. ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్ అనే కంప్యూటర్ సైంటిస్టు, ఆయన మిత్రులు కలిసి 2021లో వీటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అని పేరుపెట్టి, వేటాడటం మొదలుపెట్టారు. ‘బిగ్ డేటా’ బదులు ‘కొలాసల్ ఇన్ఫర్మేషన్’ అని ఎక్కడైనా కనబడితే ట్యాబ్ మూసేయండి.

మరి పేరున్న జర్నల్‌లో వస్తే నిశ్చింతేనా? అదీ కాదు. ఎంఎంఆర్ టీకాకి ఆటిజంతో సంబంధం ఉందన్నట్టు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం 1998లో రాసిన పేపర్ వచ్చింది ‘లాన్సెట్’లో, వైద్యంలో దానికి మించిన పేరు తక్కువ. అందులో ఉన్నది కేవలం 12 మంది పిల్లలు. బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు ఏళ్లపాటు తవ్వితే లోపాలన్నీ బయటపడ్డాయి. లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది, 2010లో. ఆ పన్నెండేళ్లలో ఎంతమంది తల్లిదండ్రులు భయపడి పిల్లలకి టీకా వేయించకుండా ఆగిపోయారో. ఆ పేపర్‌కి సైటేషన్లు కూడా బోలెడు, చాలావరకు తిట్టడానికే. అందుకే సైటేషన్ల సంఖ్య చూసి ఊగిపోకూడదు. ఒక పేపర్ వెనక్కి వెళ్లిందో లేదో పబ్‌మెడ్‌లో పైనే రాసి ఉంటుంది. రిఫరెన్సులు దాచుకోవడానికి ‘జొటేరో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే, మీ జాబితాలో అలాంటిది ఉన్నప్పుడు అదే హెచ్చరిస్తుంది. ‘రిట్రాక్షన్ వాచ్’ వాళ్ల డేటాబేస్ 2023 నుంచి అందరికీ ఉచితమే.

ఇవన్నీ జల్లెడ పట్టాక మా చెల్లి దగ్గర 26 పేపర్లు మిగిలాయి. అన్నీ నిజమైనవే, అన్నీ మంచి జర్నళ్లవే. అప్పుడు బాబాయ్ అన్నారట, “చూశావా, ఇంతమంది రాశారంటే పనిచేస్తుందనేగా?”

అది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ప్రశ్నేం కాదు. నిజమైన పేపర్ అవడం వేరు, మన ప్రశ్నకి జవాబు అవడం వేరు. చెల్లి ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ అదనంగా పెట్టింది, ‘ఎవరి మీద?’ అని. నింపేసరికి 22 చోట్ల ‘ఎలుక’ అని వచ్చింది. ఆ ఎలుకలకి షుగర్ ఎలా వచ్చిందో పద్ధతులు అనే సెక్షన్‌లో ఉంటుంది. స్ట్రెప్టోజోటోసిన్ లాంటి రసాయనం ఇంజెక్షన్ ఇచ్చి, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని దెబ్బతీస్తారు. బాబాయ్‌కి వచ్చింది టైప్ 2, ఏళ్లతరబడి మెల్లగా వచ్చింది. పైగా ఎలుకలకి ఇచ్చింది ఎక్కువగా గింజల నుంచి తీసిన సారం, కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములని కొలిచి. స్పూను లెక్క కాదు. మనుషుల మీద చేసిన ట్రయల్స్ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీ ఇచ్చి, కొందరికి టీ, కొందరికి మందు అని విడదీసి చేసిన ట్రయల్‌లో ఆ టీ వల్ల షుగర్ తగ్గలేదనే వచ్చింది. అది ఆకు, ఇది గింజ, కాబట్టి దాన్నీ ఇక్కడ యథాతథంగా అతికించకూడదు. కానీ మాత్ర మానేయొచ్చని చెప్పిన పేపర్ ఆ 26లో ఒక్కటి కూడా లేదు.

తను వాళ్ల నాన్నకి ఆ షీటు ఫోన్లో తెరిచి చూపించిందట. “నాన్నా, ఇవి ఎలుకలవి. నీకు ఎవరూ ఇంజెక్షన్ ఇచ్చి షుగర్ తెప్పించలేదు కదా.” ఆయన కాసేపు పైకీ కిందికీ జరిపి చూసి, “అన్నీ ఎలుకలేనా?” అన్నారట. రాత్రి మాత్ర మళ్లీ మొదలైంది. పొడి డబ్బా ఇంకా కిచెన్‌లోనే ఉంది. డాక్టర్‌కి చెప్పే వాడుతున్నారు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించుకుంటున్నారు.

పేపర్ పేరు తెలిసింది, తెరిస్తే 40 డాలర్లు కట్టమంటోంది, ఏం చేయాలి అని అడిగేవాళ్లు చాలామంది. కట్టకండి. ముందు స్కాలర్‌లో ‘ఆల్ వెర్షన్స్’ నొక్కి చూడండి, రచయిత తన యూనివర్సిటీ పేజీలో ఉచితంగా పెట్టి ఉండొచ్చు. బ్రౌజర్‌కి ‘అన్‌పేవాల్’ అనే ఎక్స్‌టెన్షన్ తగిలించుకుంటే ఈ వెతుకులాట అదే చేస్తుంది. ప్రభుత్వ కాలేజీలో, ప్రభుత్వ యూనివర్సిటీలో చదువుతుంటే మీకింకో పెద్ద దారి ఉంది. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’కి ఒప్పుకుంది, మూడేళ్లకి 6,000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తల నుంచి దాదాపు 13,000 జర్నళ్లు 6,300 సంస్థలకి. చెల్లి వాళ్ల క్లాసులో ఈ సంగతి తెలిసినవాళ్లు నలుగురే. లైబ్రరీకి వెళ్లి లాగిన్ అడగండి. ప్రైవేటు కాలేజీల్లో చదివే లక్షలమందిని మొదటి దశలో బయటే ఉంచారు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్, ఫార్మసీ పిల్లల్లో ఎక్కువమంది వాళ్లేనన్నది ఢిల్లీలో ఎవరికీ గుర్తురాలేదేమో.

‘శోధ్‌గంగ’ మాత్రం అందరిదీ. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో ఉంటాయి, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. థీసిస్‌లో రెండో అధ్యాయం సాధారణంగా అప్పటిదాకా జరిగిన పని మీద సమీక్షే. కొత్తగా సబ్జెక్టులోకి దిగేవాడికి అంతకంటే మంచి మ్యాపు దొరకదు. తెలుగు ఎం.ఏ. వాళ్లకైతే అక్కడ తెలుగులోనే రాసిన థీసిస్‌లున్నాయి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒకసారి వెతకండి, ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా ఎక్కించింది. తెలుగు మీద గట్టి పని చాలావరకు గూగుల్ స్కాలర్‌కి తెలీదు కూడా. 1924లో మొదలైన ‘భారతి’ పత్రిక పాత సంచికల్లో ఉంది అది.

జర్నల్ పేపర్ ఒక్కటే సోర్సు అనుకోనక్కర్లేదు కూడా. రాగుల్లో కాల్షియం ఎంత అని రాయాలంటే ఏదో హెల్త్ వెబ్‌సైటు ఎందుకు? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహారాల పట్టికలు ప్రచురించింది, కొలిచినవాళ్లే వాళ్లు. యూట్యూబ్ వంటల ఛానళ్లలో అంకెలు చెప్పేవాళ్లు ఒక్కసారి దాన్ని తెరిస్తే బాగుండు.

ఏదీ కుదరకపోతే రచయితకి మెయిల్ పెట్టండి. పేపర్ మొదటి పేజీలోనే అడ్రసు ఉంటుంది. మీరు కట్టే ఆ 40 డాలర్లలో వాళ్లకి పైసా రాదు, తమ పని ఎవరో చదువుతామంటే సంతోషిస్తారు. చెల్లి ఒక పాత పేపర్ కోసం నాలుగు లైన్లు రాసింది. తనెవరు, ఏం చదువుతోంది, ఏ పేపర్ కావాలి, ఎందుకు కావాలి. మూడో రోజు పొద్దున్నే జవాబు వచ్చింది. అడిగిన పీడీఎఫ్‌తో పాటు ఇంకో రెండు పేపర్లు జతచేశారు. వాటిలో ఒకటి, ఆయన సొంత పేపర్‌ని విమర్శిస్తూ వేరేవాళ్లు రాసింది.